ఏడు రోజుల కొలువు: శ్రీవారి సేవలోని పనితనం

తిరుమల కొండ మీద ఒకనాటి లెక్క మరునాటికి పనికిరాదు. మామూలు రోజున అరవై, డెబ్బై వేల మంది దర్శనం చేసుకుంటారు. వేసవి సెలవులు, పెరటాసి శనివారాలు, వైకుంఠ ఏకాదశి వచ్చాయంటే ఆ లెక్క తలకిందులవుతుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి మాడవీధుల్లో, చుట్టుపక్కల చేరే జనం లక్షల్లో ఉంటారు. ఇంతమందికీ నీళ్లు అందాలి, అన్నం అందాలి, దారి చెప్పే మనిషి కనబడాలి, చంటిబిడ్డకు పాలు దొరకాలి, తప్పిపోయిన పెద్దాయన తనవాళ్లను చేరుకోవాలి. గరుడ సేవకు సరిపోయేంత సిబ్బందిని ఏడాది పొడుగునా జీతాలిచ్చి ఉంచుకుంటే రద్దీ లేని రోజున వాళ్లలో చాలామందికి పని ఉండదు. రద్దీ లేని రోజుకు సరిపోయేంతమందే ఉంటే గరుడ సేవనాడు కొండ తట్టుకోలేదు.

ఈ చిక్కుముడిని విప్పడానికి తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో మొదలుపెట్టిన ఏర్పాటు పేరు శ్రీవారి సేవ. కొద్దిమందితో మొదలైంది. దేవస్థానం లెక్కల ప్రకారం ఇప్పటికి సేవ చేసి వెళ్లినవాళ్లు 15 లక్షలు దాటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల నుంచి, కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి రైతులు, గృహిణులు, చిరుద్యోగులు, రిటైరైనవాళ్లు బృందాలుగా వస్తారు, వారం రోజులు పనిచేస్తారు, దర్శనం చేసుకుని ఊరికి వెళ్లిపోతారు. మెరూన్ రవిక, నారింజ రంగు చీరలో ఆడవాళ్లు, తెల్లబట్టల్లో మగవాళ్లు, భుజాన స్కార్ఫ్‌తో క్యూలైన్లలో, భోజనశాలలో, లడ్డూ కౌంటర్ల దగ్గర కనబడతారు. తిరుమలకు వెళ్లిన తెలుగువాళ్లలో వీళ్లను చూడనివాళ్లు ఉండరు. వీళ్లను అక్కడ నిలబెట్టిన ఏర్పాటును ఆగి చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

సేవాసంస్థలు నడిపేవాళ్లతో ఎప్పుడు మాట్లాడినా ఒక మాట వినబడుతుంది: 'ఈ రోజుల్లో సేవ చేసేవాళ్లు ఎక్కడున్నారండీ?' తిరుమల అనుభవం ఆ మాటను ఒప్పుకోదు. చేయాలన్న మనసు మన ఊళ్లల్లో కావలసినంత ఉంది. ఆ మనసుకు తగిన పని చూపించి, పడుకోవడానికి చోటిచ్చి, ఏం చేయాలో చెప్పి, పని కాగానే మర్యాదగా సాగనంపే ఏర్పాటే తక్కువ. శ్రీవారి సేవలోని గొప్పంతా ఆ ఏర్పాటులోనే ఉందని నా నమ్మకం. సేవకులు వస్తే వచ్చారు, లేకపోతే లేదు అన్న లెక్కన అది నడవదు. సంస్థకు ఎంతమంది మనుషులు కావాలి, ఎవరు ఏ పని చేయాలి అని వేసుకునే ప్రణాళికలోనే సేవకులకు ఒక గడి ఉంది.

కొండకు పాత అలవాటు

ఈ కొండ మీద సేవ కొత్తది కాదు. పదకొండో శతాబ్దంలో తిరుమలనంబి స్వామి అభిషేకానికి పాపవినాశనం నుంచి రోజూ నీళ్లు మోసుకొచ్చేవాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయన రామానుజులకు మేనమామ, గురువు. రామానుజుల మాట మీద కొండకు వచ్చిన శిష్యుడు అనంతాళ్వారు స్వామికి పూలతోట వేశాడు, ఆ తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వాడు. ఆయన తవ్విన గునపాన్ని ఈనాటికీ ఆలయ మహాద్వారం దగ్గర వేలాడదీసి ఉంచారు. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండ నుంచి వచ్చిన వెంగమాంబ కొండ మీదే ఉండిపోయి కావ్యాలు రాసింది, యాత్రికులకు అన్నదానం చేసింది. ఇప్పుడు తిరుమలలోని పెద్ద భోజనశాలకు ఉన్నది ఆమె పేరే.

అనంతాళ్వారు కథలో ఒక ముక్క మనకు పనికొస్తుంది. ఆయన చెరువు తవ్వుతుంటే, నిండు చూలాలైన ఆయన భార్య మట్టి తట్టలు మోస్తోంది. ఒక పిల్లవాడు వచ్చి నేనూ మోస్తానన్నాడు. అనంతాళ్వారు ఒప్పుకోలేదు, ఈ సేవ మాది, ఇందులో ఇంకొకరికి భాగం లేదన్నాడు. పిల్లవాడు ఆయన కన్నుగప్పి ఆ తల్లికి సాయపడ్డాడు. అది తెలిసిన ఆళ్వారు కోపంతో గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. తర్వాత గుళ్లోకి వెళ్లి చూస్తే స్వామి గడ్డం మీద గాయం. మూలవిరాట్టు గడ్డానికి పచ్చకర్పూరం అద్దడం అప్పటినుంచే వచ్చిందంటారు.

భక్తులు ఈ కథలో స్వామి కరుణను చూస్తారు. సంస్థలు నడిపేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. సేవ మీద మమకారం ఎంత గొప్పదో అంత పదునైనది. 'ఇది నా పని, ఇక్కడ నేనే ఉండాలి' అనే పట్టుదల మంచి సేవకుడికే వస్తుంది, ఆ పట్టుదలే పక్కవాణ్ణి రానివ్వదు. ఎన్నో ఆశ్రమాల్లో, సంఘాల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన సేవకులు తమకు తెలియకుండానే పెత్తందార్లయిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లు రెండు రోజులు చూసి వెళ్లిపోతారు. శ్రీవారి సేవకు రూపం ఇచ్చినవాళ్లు ఈ కథను తలచుకునే పనిచేశారో లేదో గాని, ఈ జబ్బుకు మందు మాత్రం మొదట్లోనే కలిపారు.

ఏడు రోజుల గడువు

ఆ మందు ఏడు రోజుల గడువు. మామూలు శ్రీవారి సేవ వారం రోజులు. ఎంత బాగా చేసినా, ఎంత భక్తి ఉన్నా వారం కాగానే చోటు ఖాళీ చేయాలి. మళ్లీ చేయాలనుకుంటే మళ్లీ నమోదు చేసుకుని వరుసలో రావాలి.

ఈ ఒక్క నిబంధన నుంచి ఎన్ని మంచి ఫలితాలు వచ్చాయో చూడండి. మొదటిది, వారం రోజులంటే ఎవరైనా ఇవ్వగలిగిన కాలం. నాట్లకూ కలుపుకూ మధ్య రైతు వారం తీసుకోగలడు. ఉద్యోగి సెలవు పెట్టగలడు. అత్తగారో చెల్లెలో వచ్చి ఇల్లు చూసుకుంటే గృహిణి బయటికి రాగలదు. నెల రోజులు రమ్మంటే ఏ బాధ్యతా లేనివాళ్లే వస్తారు. ఒక్క పూట రమ్మంటే పని నేర్చుకునేలోపు పూట అయిపోతుంది. నేర్చుకోవడానికి ఒక రోజు పోయినా చేయడానికి ఆరు రోజులు మిగిలే కొలత ఇది.

రెండోది, ఏ సేవకుడికీ అక్కడ వేళ్లూనే వ్యవధి ఉండదు. లడ్డూ కౌంటర్లో నాలుగేళ్లుగా కూర్చున్న స్వచ్ఛంద సేవకుడు అంటూ ఎవరూ ఉండరు కాబట్టి 'మనవాళ్లకు ఇంకో రెండు ఇప్పించండి' అనే పరిచయాలకు చోటు తగ్గుతుంది. మూడోది, ఒకరు వెళ్తే ఒకరికి అవకాశం. వారం గడువు లేకపోతే ఇన్ని లక్షల మంది చేతులు ఈ పనిలో పడేవి కావు.

ఈ గడువుకు ఖర్చు కూడా ఉంది. ప్రతివారం కొత్త మనుషులు. ప్రతివారం మొదటి పాఠం నుంచి చెప్పుకురావాలి. అందుకే పనులను విడగొట్టక తప్పలేదు. ఒక గంటలో నేర్చుకోదగినంత చిన్నదిగా, చూసి చేయగలిగినంత తేటగా ప్రతి పనినీ తీర్చిదిద్దారు. క్యూ కంపార్టుమెంట్లలో పాలు, ఉప్మా, పొంగలి పంచడం, నీళ్లివ్వడం, వంటశాలకు కూరగాయలు తరిగివ్వడం, పూలు కట్టడం, లగేజీ కౌంటర్లో చేయి అందించడం, కల్యాణకట్ట దగ్గర వరుస చూడటం, మెట్లదారిన వచ్చేవాళ్లకు దారి చెప్పడం. ఏ పనిచూసినా ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. 'వచ్చారుగా, ఏదో ఒకటి చేయండి' అని గాలికి వదిలేయడం లేదు. వచ్చినవాళ్లను ఎక్కువగా నిరుత్సాహపరిచేది కష్టమైన పని కాదు, ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టడం. సేవాసంస్థల్లో కాస్త తిరిగినవాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు.

పదిమందిగా రావడం

రెండో ఏర్పాటు బృందం. సేవకు ఒక్కొక్కరుగా కాకుండా పదిమందికి తగ్గకుండా, ఒక బృంద నాయకుడితో నమోదు చేసుకుని రావాలన్నది మొదటినుంచీ ఉన్న పద్ధతి. వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి. నమోదంతా ఆన్‌లైన్లో, నెలల ముందే జరుగుతుంది. డబ్బు కట్టాల్సిన పనిలేదు.

పదిమందీ ఒక ఊరివాళ్లో, ఒక భజన మండలివాళ్లో, ఒక కాలనీవాళ్లో అయి ఉంటారు. ఒకరికొకరు ముందే తెలుసు. ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎవరికి చక్కెర జబ్బో, ఎవరు తెల్లవారుజామున లేవగలరో నాయకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరు పనికి రాకపోతే దేవస్థానం వెతుక్కోనక్కర్లేదు, పక్కమంచం మనిషే అడుగుతుంది. ఊరు తెలిసినవాళ్ల మధ్య ఉండగా తప్పుడు పని చేయడానికి చేయి రాదు. వెయ్యిమంది కొత్తవాళ్లను గమనించడం ఏ కార్యాలయానికైనా కష్టం. వందమంది నాయకులతో మాట్లాడటం ఆ కార్యాలయానికి చేతనైన పని. మన పల్లెల్లో కూలికి వెళ్లినా, తీర్థయాత్రకు వెళ్లినా జట్టుగా వెళ్లడమే అలవాటు. ఆ అలవాటునే ఇక్కడ పరిపాలనకు వాడుకున్నారు.

నెలల ముందే నమోదు కావడంలో ఇంకో సౌకర్యం ఉంది. ఏ వారం ఎంతమంది సేవకులు వస్తున్నారో ముందే తెలుస్తుంది. బ్రహ్మోత్సవాలకు ఎక్కువమందిని పిలవవచ్చు, రద్దీ తగ్గే రోజులకు తగ్గించుకోవచ్చు. ఉచితంగా వచ్చే మనిషి కాలానికి కూడా లెక్క రాసుకోవడం, ఆ లెక్క మీద ఆధారపడి పనులు పంచడం — మనుషుల ప్రణాళిక అంటే ఇదే. పేరుకు ఇది దేవస్థానం ప్రజాసంబంధాల విభాగం చూసే పని. నిజానికి ఒక పెద్ద సంస్థలో ఉద్యోగుల విభాగం ఎంత శ్రద్ధగా పనిచేయాలో అంత శ్రద్ధ దీనికి కావాలి. సేవకులకు బస, లాకర్లు, భోజనం, కూర్చుని నాలుగు మాటలు వినే సత్సంగం — ఇవన్నీ శ్రీవారి సేవాసదన్‌లో సమకూర్చారు. ఉచితంగా పనిచేసేవాళ్లకు సంస్థ పెట్టే ఖర్చు ఇది. ఈ ఖర్చు పెట్టని చోట సేవ నిలవదు.

ఒక పంక్తి దగ్గర నిలబడి చూస్తే

ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలంటే మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రానికి వెళ్లాలి. తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, రోజుకు రెండు వేల మందితో మొదలైంది. 2011 జులైలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన ఇప్పటి భవనంలో నాలుగు పెద్ద హాళ్లున్నాయి. ఒక్కో హాల్లో సుమారు వెయ్యిమంది, అన్నీ కలిపి ఒకేసారి నాలుగు వేల మంది కూర్చుంటారు.

తలుపులు తీయగానే జనం ఒక్కసారిగా లోపలికొస్తారు. అప్పటికే విస్తళ్లు పరిచి ఉంటాయి. కూర్చున్నవాళ్లు చేతులు కడుక్కుని సర్దుకునేలోపు పంక్తి మొదటి నుంచి వడ్డన మొదలవుతుంది. ముందు చక్కెరపొంగలి, పచ్చడి, కూర. 2025 మార్చి నుంచి వడ కూడా చేరింది. తర్వాత అన్నం, సాంబారు, మళ్లీ అన్నం, రసం, చివర మజ్జిగ. ఒక్కొక్కరి చేతిలో ఒక్కటే వంటకం. పచ్చడి పట్టుకున్నామె పచ్చడే వడ్డిస్తుంది, ఆగి అన్నం పెట్టబోదు. ఆమె వెనక కూర, కూర వెనక అన్నం. ముందు మనిషి నడక మందగిస్తే వెనకవాళ్లంతా ఆగాల్సిందే కాబట్టి ఎవరి అడుగు ఎంత వేగంగా పడాలో పంక్తే నేర్పుతుంది. నిన్నటిదాకా తన ఇంట్లో నలుగురికి వడ్డించిన చేయి ఈ రోజు ఒక పంక్తిలో వందమందికి పైగా వడ్డిస్తుంది. కొత్తగా నేర్చుకోవలసింది వడ్డించడం కాదు, ఒక్క వంటకానికే కట్టుబడి ఉండటం.

ఇక్కడ మెచ్చుకోవలసింది ఇంకొకటుంది. పొయ్యి దగ్గర, పెద్దపెద్ద గంగాళాల దగ్గర, ఆవిరి దగ్గర పనిచేసేవాళ్లు అనుభవమున్న వంటవాళ్లు. సేవకులది పొయ్యికి ఇవతలి పని: తరగడం, మోయడం, పరచడం, వడ్డించడం, 'ఇంకొంచెం పెట్టమంటారా అమ్మా?' అని అడగడం. స్వామికి నైవేద్యాలూ లడ్డూలూ తయారయ్యే పోటుకు దాని మనుషులు, దాని నియమాలు వేరే. జీతం తీసుకునేవాళ్ల పని ఎక్కడ ఆగుతుందో, సేవకుడి పని ఎక్కడ మొదలవుతుందో గీత గీసి ఉంది. ఈ గీత లేకపోతే రెండు ప్రమాదాలు. నేర్పు కావలసిన పనిలో నేర్పు లేని చేయి పడుతుంది. జీతంగల మనిషి తన పనిని నెమ్మదిగా సేవకుడి మీదికి నెడతాడు. సేవకుడు ఉన్నాడు కదా అని ఒకరి కొలువు తీసేసే ఆలోచన యాజమాన్యానికి వచ్చినా అది సేవకే మచ్చ. సేవకుడి పని సిబ్బంది పనిని పూర్తిచేయాలి. దాన్ని తినేయకూడదు.

లెక్క తెలిసిన చేతులు

పరకామణి సేవ ఇంకో పాఠం. శ్రీవారి హుండీని కొప్పెర అంటారు. అందులో పడేది నోట్లూ నాణేలూ మాత్రమే కాదు. పసుపుగుడ్డలో ముడివేసి ఏళ్ల తరబడి ఇంట్లో దాచుకున్న ముడుపులు, విదేశీ డబ్బు, బంగారు ఉంగరాలు, వెండి కళ్లు, ఇంకా ఎన్నో. విప్పాలి, వేరు చేయాలి, లెక్కపెట్టాలి, కట్టలు కట్టాలి. సిబ్బందితోనే ఇది తెమిలే పని కాదు. అందుకని 2012లో పరకామణి సేవ అని వేరే సేవను ఏర్పాటు చేశారు. మామూలు సేవ అందరిదీ. ఇది మాత్రం బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేస్తున్నవాళ్ల కోసం, పనిచేసి రిటైరైనవాళ్ల కోసం. గడువు కూడా మామూలు సేవకంటే తక్కువ.

ఇందులో ఎంత తెలివి ఉందో ఆలోచించండి. నలిగిన నోటును సరిచేసి కట్టలో పెట్టడం ముప్పై ఏళ్లు క్యాషు కౌంటర్లో కూర్చున్న మనిషికి చేతిలో ఉన్న విద్య. ఆ విద్యను రిటైర్మెంటు రోజున ఎవరూ అడగరు, అది ఇంట్లో ఉట్టిగా పడి ఉంటుంది. ఈ కొండ దాన్ని పిలిచి పని చెప్పింది. పైగా ప్రభుత్వ ఉద్యోగి అంటే గుర్తింపు ఉన్న మనిషి, పెన్షన్ ఉన్న మనిషి, పరువు కాపాడుకోవలసిన మనిషి. ఏ పనికి ఏ నేర్పు కావాలో, ఏ పనికి ఎంత నమ్మకం కావాలో రెండూ చూసి మనిషిని ఎంచుకున్నారు. నమ్మకం ఒక్కదాన్నే నమ్ముకుని ఊరుకోలేదు కూడా. కెమెరాలు, జేబుల్లేని బట్టలు, తనిఖీలు ఉన్నాయి. తనిఖీ ఉండటం సేవకుడికి అవమానం కాదు. డబ్బు దగ్గర నిలబడిన నిజాయితీపరుడిని అనుమానం నుంచి కాపాడేది తనిఖీయే.

2021 గోకులాష్టమినాడు మొదలైన నవనీత సేవ కూడా ఈ కోవదే. దేశవాళీ ఆవుల పాల పెరుగును చిలికి స్వామివారికి వెన్న తీసే పనిని మహిళా సేవకులకు ఇచ్చారు. కవ్వం పట్టడం తెలిసిన తరం ఇంకా ఊళ్లల్లో ఉంది. మిక్సీ వచ్చాక ఆ నేర్పును అడిగేవాళ్లు లేరు. అది ఇక్కడ స్వామి కైంకర్యమైంది. మన చుట్టూ ఉన్న మనుషుల చేతుల్లో ఏ విద్యలున్నాయో ముందు చూసి, ఆ తర్వాత పని కల్పించడం ఇది. ఖాళీల జాబితా ముందు పెట్టుకుని మనుషులను వెతికేవాళ్లకు ఈ దారి తట్టదు.

బంగారువాకిలి దగ్గర

తిరుమల దర్శనంలో తెలుగువాళ్లందరికీ చెవుల్లో మిగిలిపోయే మాట ఒకటుంది: 'జరగండి, జరగండి.' గంటలు వేచి వచ్చిన మనిషి స్వామి ముందుకు రాగానే ఆ మాట వినబడుతుంది. చెప్పకపోతే వెనకున్న వేలమందికి దర్శనం ఆలస్యం. చెబితే ముందున్న మనిషికి మనసు కష్టం. ఈ రెంటి మధ్య నిలబడటం కొండ మీద అన్నిటికన్నా కష్టమైన పని అని నాకనిపిస్తుంది. సిబ్బందితోపాటు సేవకులకు కూడా ఈ పనిలో వంతు ఉంది. ముసలమ్మ చేయి పట్టుకుని ముందుకు నడిపే చేయి సాటి ఆడమనిషిది కావడం, ఆమె కూడా నిన్నో మొన్నో ఇలాగే వరుసలో వచ్చినది కావడం ఆ క్షణపు కరకుదనాన్ని కొంత తగ్గిస్తుంది. రోజంతా నిలబడిన ఉద్యోగి గొంతులో విసుగు రావడం సహజం. వారానికే వచ్చిన మనిషికి అంత విసుగు పేరుకునే వ్యవధి లేదు. గడువు చేసే మేలు ఇక్కడా కనబడుతుంది.

ఆలయం లోపల పని దొరకాలని ప్రతి సేవకుడికీ ఉంటుంది. అందరికీ ఇవ్వడం కుదరదు. అందుకే ఈ పంపకంలో లాటరీలాంటి డిప్ పద్ధతి తెచ్చారు. పేరు వస్తే గుడి లోపల, రాకపోతే భోజనశాలలోనో లగేజీ కౌంటర్లోనో. పెద్ద పదవిలో రిటైరైన ఆయనకు విస్తళ్లు తీసే పని పడవచ్చు, ఆయన ఊరి కూలిమనిషికి బంగారువాకిలి దగ్గర పడవచ్చు. సంస్థలో పనులన్నీ సమానమే అని మాటల్లో చెప్పడం తేలిక. పనులు పంచే పద్ధతిలోనే ఆ సమానత్వాన్ని పెట్టడం పనితనం.

ఇతర చోట్ల, ఇక్కడి హద్దులు

ప్రపంచంలో పెద్ద ఎత్తున సేవకులను వాడుకున్న సందర్భాలు ఇంకా ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు సుమారు 70 వేల మంది సేవకులను దరఖాస్తులు చూసి, మాట్లాడి, శిక్షణ ఇచ్చి తీసుకున్నారు. ఆ పోటీలు కొన్ని వారాల్లో అయిపోయాయి. అమృత్‌సర్ స్వర్ణమందిరం లంగరు ఏనాటి నుంచో రోజూ నడుస్తోంది, వచ్చినవాళ్లే కూర్చుని రొట్టెలు చేసి వడ్డించి వెళ్తారు. మన రాయలసీమలోనే పుట్టపర్తిలో సత్యసాయి సేవాదళ్ రాష్ట్రాలవారీగా వంతులు వేసుకుని పనిచేయడం తిరుమల పద్ధతికంటే ముందు నుంచీ ఉంది. లండన్‌లో ఉన్న ముందస్తు ప్రణాళిక, లంగరులో ఉన్న నిత్యకృత్యం — ఈ రెండూ తిరుమలలో ఒకచోట కలిశాయి.

ఇంత మెచ్చుకుంటూనే హద్దు కూడా చెప్పుకోవాలి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. జనాన్ని ఎక్కడ ఆపాలి, గేటు ఎప్పుడు తీయాలి, దారి ఎంత వెడల్పు ఉండాలి అనేవి అధికారమూ శిక్షణా ఉన్నవాళ్లు తీసుకోవలసిన నిర్ణయాలు. ఎంతమంది సేవకులున్నా ఆ బాధ్యతకు బదులు కాలేరు. సేవ ఎంత బలపడితే దాని పైనున్న అజమాయిషీ అంత గట్టిగా ఉండాలి.

వారం సేవకు ఒక లోటు కూడా ఉంది: వారం వారం మారే మనుషుల మధ్య నిలకడగా ఉండి నేర్పేవాళ్లు తక్కువ. 2025లో ఈ లోటును పూడ్చే ప్రయత్నం మొదలైంది. కొంత ఎక్కువకాలం ఉండి బృందాలను చూసుకునే గ్రూప్ సూపర్‌వైజర్లు అనే అంచెను పెట్టారు. సేవకులకు శిక్షణ ఇచ్చేవాళ్లను తయారుచేయడానికి రాష్ట్ర ప్రణాళికా శాఖ, అహ్మదాబాద్ ఐఐఎం సాయం తీసుకున్నారు. పాతికేళ్లు బాగానే నడిచిన ఏర్పాటును బాగానే ఉంది కదా అని వదిలేయకుండా, ఎక్కడ సన్నగా ఉందో చూసి అక్కడ దట్టం చేయడం నాకు నచ్చింది. ఇలాంటి దిద్దుబాటు వెంటవెంటనే ఫలితం చూపదు. అయినా జరగాలి.

మన ఊరి సంస్థకు

దేవస్థానానికి దేవుడున్నాడు, దర్శనం ఉంది, సేవకులు రాకేం చేస్తారు, మాకెవరొస్తారు అని చిన్న సంస్థలవాళ్లు అనవచ్చు. నిజమే, తిరుమలకున్న ఆకర్షణ మరెవరికీ ఉండదు. అయితే ఆకర్షణ ఒక్కదాని మీదే ఆధారపడితే ఈ సేవ రెండేళ్లలో గందరగోళమై ఆగిపోయేది. దీన్ని నిలబెట్టినది ఏ సంస్థయినా చేయదగిన పనులే.

మదనపల్లెలోనో, పలమనేరులోనో, శ్రీకాళహస్తిలోనో ఒక వృద్ధాశ్రమం ఉందనుకుందాం. పండగలకూ పుట్టినరోజులకూ జనం పళ్లూ స్వీట్లూ పట్టుకొచ్చి, ఫొటో దిగి వెళ్తుంటారు. వాళ్లలో చాలామందికి ఇంకేదైనా చేయాలని ఉంటుంది, ఏం చేయాలో తెలియదు. ఆశ్రమంవాళ్లు ముందు తమ పనులన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. వాటిలో నర్సు చేయవలసినవి, వంటమనిషి చేయవలసినవి, ఆయా చేయవలసినవి పక్కన పెట్టాలి. మిగిలినవాటిలో ఒక గంటలో నేర్పగలిగినవి ఎన్నో ఉంటాయి: సాయంత్రం పేపరు చదివి వినిపించడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, మందుల చీటీలు సరిచూసి పెట్టడం, పెన్షన్ కాగితాలు నింపడం, పెరట్లో కూరపాదులు చూడటం. ఒక్కో పనికి ఇంతమంది, ఇన్ని వారాలు అని గడువు రాయాలి. ఒంటరిగా కాకుండా నలుగురైదుగురి జట్టుగా రమ్మనాలి. రిటైరైన పోస్టుమాస్టరుకు పెన్షన్ కాగితాలు, రిటైరైన టీచరుకు పేపరు చదివే పని — నేర్పు చూసి పంచాలి. పెద్దల గదుల్లోకి, డబ్బు దగ్గరికి, మందుల దగ్గరికి వెళ్లే పనులకు తనిఖీ తప్పనిసరిగా పెట్టాలి. గడువు ముగిసిన రోజున నలుగురి ముందు పేరు చెప్పి, కృతజ్ఞత చెప్పి పంపాలి. మళ్లీ ఎప్పుడు రావచ్చో కూడా ఆ రోజే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ పనిని చూసుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. చిన్న సంస్థకు పూట ఉద్యోగి అయినా చాలు. ఎవరు ఎప్పుడొస్తారో పుస్తకంలో రాసుకునేది, వచ్చినవాళ్లకు పని చూపించేది, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేది ఆ మనిషే. చాలా సంస్థలు ఇక్కడే వెనకడుగు వేస్తాయి. ఉచితంగా వచ్చేవాళ్ల కోసం జీతం ఖర్చా అంటాయి. శ్రీవారి సేవ ఇచ్చే జవాబు సూటిగా ఉంది: సేవ ఉచితం, సేవను నడపడం ఉచితం కాదు. బస, భోజనం, శిక్షణ, అజమాయిషీ — వీటికి డబ్బూ మనుషులూ కేటాయించబట్టే లక్షలమంది శ్రమ వృథా పోకుండా యాత్రికుడి విస్తరిదాకా చేరింది.

కాబట్టి సంస్థలు వచ్చే ఏడాది బడ్జెట్ రాసుకునేటప్పుడు జీతాలు, అద్దె, కరెంటు బిల్లు కింద ఇంకో పద్దు చేర్చాలని నా కోరిక: సేవకులు. ఎంతమంది కావాలి, ఏ పనులకు, ఎన్నాళ్లకు, వాళ్లను ఎవరు చూసుకుంటారు, ఎంత ఖర్చవుతుంది అని ఆ పద్దులో రాయాలి. ఆ పద్దు రాసిన సంస్థకు మనుషులు దొరుకుతారు.